బుల్ బార్, నల్ల ఫిల్మ్, పెద్ద టైర్లతో ఆపిన స్కార్పియో: చలానా కట్టాక చేయాల్సిన పని

అనంతపురం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. బెంగళూరులో సెకండ్ హ్యాండ్ స్కార్పియో కొన్నాడు. బండి ఇంకా కర్ణాటక నంబరు మీదే, పాత ఓనరు పేరు మీదే ఉంది. ముందు బుల్ బార్ (బంపరు ముందు బిగించే ఇనుప గొట్టాల చట్రం), అద్దాలకు నల్ల ఫిల్మ్, టాప్ మీద ఎల్‌ఈడీ బార్, వెడల్పాటి టైర్లు, మోత పెట్టే సైలెన్సర్. అన్నీ పాత ఓనరు పెట్టించినవే. తపోవనం దగ్గర ఆపి, ఫొటోలు తీసి, చలానా రాశారు. అవన్నీ తీసేసి బండి తెచ్చి చూపించమన్నారు. "చలానా కట్టేస్తే అయిపోతుందా? నేను చేయించినవి కావు కదా, కోర్టులో నిలబడుతుందా? షాపుల్లో బహిరంగంగా అమ్మేవాటికి రోడ్డు మీద ఫైన్ ఏంటి?" ఇవీ అతని ప్రశ్నలు.

నేను చాలా ఏళ్లుగా గ్యారేజీ నడుపుతున్నాను. పోలీసులు ఆపిన బండ్లు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తిప్పి పంపిన బండ్లు నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు జవాబు. చలానా కడితే ఆ రోజు ఆ రోడ్డు మీద జరిగిన తప్పుకు లెక్క తీరుతుంది, అంతే. బండిలో ఉన్న లోపం బండిలోనే ఉంటుంది. ఈ రోజు ఇక్కడ కట్టి రేపు గుత్తి దగ్గర మళ్ళీ ఆగితే, "నిన్ననే కట్టాను సార్" అని రసీదు చూపించినా పనికిరాదు. చాలామంది ఈ చలానాని టోల్ ఫీజు లాగా అనుకుంటున్నారు. ఏడాదిలో నాలుగుసార్లు కడతారు కానీ బుల్ బార్ విప్పరు. ఆ డబ్బుతో బండి మొత్తం కంపెనీ స్థితికి తెచ్చుకోవచ్చు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. కంపెనీ మొదట నిర్ణయించిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదని దాని సారాంశం. "మార్పు" అంటే ఏమిటో కూడా ఆ సెక్షన్ కిందే రాశారు: బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారితే అది మార్పు. సీటు కవరు వేసుకున్నా, టచ్ స్క్రీన్ పెట్టుకున్నా ఎవరూ అడగకపోవడానికి కారణం ఇదే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ సెక్షన్‌ని గట్టిగా నిలబెట్టింది. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్చిన బండిని రిజిస్టర్ చేయడానికి వీల్లేదని చెప్పింది.

"ఆర్‌సీలో బుల్ బార్ అనే కాలమే లేదు కదన్నా, తేడా ఎక్కడుంది?" అని చాలామంది వాదిస్తారు. మన పెనుకొండ దగ్గరి కియా ప్లాంటులో తయారైన కారైనా, ఇంకెక్కడి కారైనా, ఆ మోడల్ అమ్మకానికి రావాలంటే ముందు పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలో దాని నమూనా పరీక్ష పాసవ్వాలి. బ్రేకులు, లైట్లు, శబ్దం, పొగ, అన్నీ అక్కడ చూసి ఆమోదిస్తారు. నీ చేతికి వచ్చేది ఆ ఆమోదం పొందిన బండి. దాని ముందు ఇనుప గొట్టాల చట్రం బిగిస్తే, అది పరీక్ష పాసైన బండి కాదు. చట్టం ఆలోచన ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఇది అర్థమైతే ఏ మార్పు నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది చాలావరకు నువ్వే చెప్పగలుగుతావు.

ఇప్పుడు నీ చలానా తీసి అందులో ఏ సెక్షన్ రాశారో చూడు. దాన్ని బట్టే తర్వాతి అడుగు. 182ఎ(4) అని ఉంటే అది ఓనరు అనుమతి లేకుండా బండిని మార్చిన నేరం. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని చట్టంలో ఉంది. "ఒక్కో మార్పుకు" అన్న మాట గమనించు. బుల్ బార్, సైలెన్సర్, టైర్లు విడివిడిగా లెక్కపెడితే మూడు మార్పులు, 15,000. 190(2) అని ఉంటే రోడ్డు భద్రత, శబ్దం, పొగ ప్రమాణాలు దాటిన బండిని నడిపిన నేరం. మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. వాటితో పాటు లైసెన్సు మూడు నెలలు పోతుంది. జనం జరిమానా అంకె చూసి ఊరుకుంటారు, లైసెన్సు సంగతి చూడరు. డ్రైవింగ్ మీద బతికేవాడికి జరిమానా కన్నా అదే పెద్ద దెబ్బ. 177 అని ఉంటే ఇంకెక్కడా ప్రత్యేకంగా శిక్ష చెప్పని ఉల్లంఘనలకు వాడే సాధారణ సెక్షన్. చట్టంలో మొదటిసారికి 500, మళ్ళీ అయితే 1,500. కోర్టుకు వెళ్లకుండా రోడ్డు మీదే రాజీగా కట్టించుకునే మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి చలానాలో అంకె వేరుగా ఉండొచ్చు.

"నేను చేయించలేదు" అన్న వాదన గురించి. 182ఎ(4)లో శిక్ష ఓనరు అయి ఉండి మార్చినవాడికి. నువ్వు మార్చలేదని నిరూపించగలిగితే, ఆ ఒక్క సెక్షన్ మీద చెప్పుకోవడానికి నీకు మాట ఉంది. కానీ 190 అలా లేదు. లోపం ఉన్న బండిని నడిపినవాడినీ, నడపనిచ్చినవాడినీ అది పట్టుకుంటుంది. 190(1)లో అయితే లోపం తెలిసి ఉన్నా, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదైనా చాలు. బండి ముందు నడుము ఎత్తున ఉన్న ఇనుప బార్ నాకు కనపడలేదని ఏ మేజిస్ట్రేటు ముందూ చెప్పలేం. కాబట్టి ఈ వాదన మీద ఆశ పెట్టుకుని బండిని అలాగే తిప్పొద్దు.

షాపుల సంగతికి వస్తే, నీ కోపం న్యాయమే. బెంగళూరు జేసీ రోడ్డుకు వెళ్తే ఒక్క పూటలో బండి రూపం మార్చేసి పంపుతారు. మన ఊళ్లలోనూ కార్ డెకార్ షాపులు అదే పని చేస్తున్నాయి. కొన్నిచోట్ల షోరూమువాళ్లే యాక్సెసరీ బిల్లులో బుల్ బార్ కలిపి ఇచ్చిన రోజులున్నాయి. అమ్మేవాళ్లకు శిక్షలు 182ఎలోనే ఉన్నాయి, డీలరుకు ఒక్కో బండికి లక్ష రూపాయలు. కానీ రోడ్డు మీద దొరికేది మనం. షాపు బిల్లు ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. అనుమతి ఇచ్చేది రిజిస్టరింగ్ అథారిటీ, అంటే ఆర్టీఓ ఆఫీసు మాత్రమే.

బుల్ బార్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. మన సీమలో దీన్ని జనం వదులుకోలేకపోతున్నారు, ప్రాణాల మీదికి తెచ్చేదీ ఇదే. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసింది. క్రాష్ గార్డులు, బుల్ బార్లు సెక్షన్ 52కు విరుద్ధం, వాటి మీద చర్యలు తీసుకోండని. కారణం సులువుగానే అర్థమవుతుంది. గుద్దుకున్నప్పుడు బంపరు, దాని వెనక భాగాలు నలిగి దెబ్బను మింగాలని కంపెనీ డిజైన్ చేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ కూడా ఆ నలిగే తీరును, వేగం తగ్గే తీరును బట్టే నిర్ణయం తీసుకుంటుంది. బార్‌ని నేరుగా ఛాసిస్‌కి బోల్టులతో బిగిస్తే దెబ్బ నలగకుండా ఛాసిస్‌లోకి పోతుంది. సెన్సర్ లెక్క తప్పుతుంది. బ్యాగ్ ఆలస్యంగా తెరుచుకోవచ్చు, అక్కర్లేనప్పుడు తెరుచుకోవచ్చు, అసలు తెరుచుకోకపోవచ్చు. ఎదురుగా నడిచివచ్చే మనిషి సంగతి ఇంకా దారుణం. ప్లాస్టిక్ బంపరు తగిలితే కాలు విరిగే వేగంలో, ఇనుప గొట్టం తగిలితే తుంటి నుజ్జవుతుంది. చిన్నపిల్లలకైతే సరిగ్గా తల ఎత్తులో ఉంటుంది.

"పల్లె రోడ్లలో గేదెలు, అడవి పందులు అడ్డం వస్తాయన్నా, బార్ లేకపోతే రేడియేటర్ పోతుంది" అంటారు. పోతుంది, నిజమే. రేడియేటర్ కొత్తది దొరుకుతుంది, ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ కూడా వస్తుంది. లోపల కూర్చున్నవాళ్ల విషయంలో ఆ సౌకర్యం లేదు. తీయించేటప్పుడు విప్పినవాడితో ఒక్క విషయం సరిచూసుకో: బార్ పట్టడానికి బంపరు బ్రాకెట్లను కోశారా, టో హుక్ తీసేశారా, ఫాగ్ లైట్ల వైరింగ్ కత్తిరించారా. కోసి ఉంటే బ్రాకెట్లు కొత్తవి వేయాలి. విప్పిన బార్‌ని ఇంకో బండివాడికి అమ్మకు. పాత ఇనుముకి వేసేయి.

నల్ల ఫిల్మ్ విషయానికి వద్దాం. మన ఎండలు నాకు తెలుసు. మే నెలలో కర్నూలు, కడప, అనంతపురంలో మధ్యాహ్నం పార్క్ చేసిన కారు డోర్ తీస్తే ముఖం కాలుతుంది. ఫిల్మ్ వేయించుకునేవాళ్లందరూ దౌర్జన్యం చేసేవాళ్లు కారు. అయినా నియమం ఇది: కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 100 ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు పోవాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, ఎంత శాతం వెలుతురు పోయేదైనా సరే, అద్దం మీద విడిగా నల్ల ఫిల్మ్ అతికించడమే కుదరదంది. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్లకే మినహాయింపు. మండల నాయకుడి బండికీ, అతని అనుచరుల బండ్లకూ అందులో చోటు లేదు. 

తర్వాత రూల్ 100ను సవరించారు, 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని 2024లో కేరళ హైకోర్టు, 70-50 లెక్కకు, ప్రమాణాలకు లోబడిన ఫిల్మ్ ఉంటే జరిమానా వేయకూడదని తీర్పు ఇచ్చింది. దీన్ని వాట్సాప్‌లో పట్టుకుని తిరిగేవాళ్లు చాలామంది. కానీ ఆ తీర్పు మన పోలీసులను కట్టిపడేయదు, పైగా నీ బండికున్నది లోపలి మనిషి కనపడని నల్ల ఫిల్మ్. 50 శాతం లెక్కకు అది ఎక్కడా దగ్గరకు రాదు. ఆ తీర్పు నీకు ఏ రకంగానూ ఉపయోగపడదు. తీసేయి. వెనక అద్దం దగ్గర మాత్రం జాగ్రత్త, లోపలి వైపు డీఫాగర్ (అద్దం మీది మంచును వేడితో తీసే) గీతలు ఉంటాయి. బ్లేడుతో గీకితే ఆ గీతలు తెగిపోతాయి. హీట్ గన్‌తో వేడి చేస్తూ నెమ్మదిగా లాగాలి. వేడికి ప్రత్యామ్నాయం కావాలంటే పార్క్ చేసినప్పుడు మాత్రమే పెట్టే సన్ షేడ్లు వాడు, బయల్దేరేటప్పుడు తీసేయి. ఏసీ గ్యాస్, కండెన్సర్ శుభ్రంగా ఉంచుకుంటే సగం సమస్య తీరుతుంది. అద్దమే కంపెనీ నుంచి లేత రంగులో వస్తే దాని మూలన ఐఎస్ 2553 ముద్ర ఉంటుంది. అలాంటి అద్దానికి ఎవరైనా చలానా రాస్తే ఆ ముద్ర ఫొటో తీసి పెట్టుకో, అది గట్టి సాక్ష్యం.

లైట్లు. టాప్ మీది ఎల్‌ఈడీ బార్ రూల్ 111 కిందికి వస్తుంది. ప్రత్యేక పరిస్థితుల్లో, రిజిస్టరింగ్ అథారిటీ అనుమతితో తప్ప బండి ముందు స్పాట్ లైట్, సెర్చ్ లైట్ పెట్టకూడదని ఆ రూల్. ఆర్పి ఉంచినా బిగించి ఉండటమే తప్పు. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్‌లో రాత్రి పూట లారీ దింపుతున్న డ్రైవరు కళ్లల్లో ఇలాంటి లైటు పడితే ఏమవుతుందో ఆ దారిలో తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. హెడ్‌లైట్లలోనూ హెచ్‌ఐడీ లేదా చవక ఎల్‌ఈడీ బల్బులు వేసి ఉన్నారేమో చూడు. హెచ్4 హాలోజన్ బల్బుకని తయారైన రిఫ్లెక్టర్, ఫిలమెంట్ ఉండాల్సిన చోటును బట్టి వెలుగును రోడ్డు మీదికి మలుస్తుంది. వేరే రకం బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు మారి, కిందికి పడాల్సింది ఎదుటివాడి మొహం మీదికి చిమ్ముతుంది. నీకు ఎక్కువ కనపడినట్టు అనిపిస్తుంది కానీ దూరపు రోడ్డు నిజానికి తక్కువ కనపడుతుంది. కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల బల్బుకు తిరిగి వచ్చి, లెన్స్ మసకబారితే పాలిష్ చేయించి, ఎత్తు సరిచేయించు. చాలామందికి కావాల్సిన వెలుతురు అందులోనే ఉంది. బార్ విప్పేటప్పుడు దాని వైరింగ్ మొత్తం పీకించు. ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపిన వైర్లు నేను చాలా బండ్లలో చూశాను. ఎండాకాలంలో కాలిపోయే బండ్లకు ఇలాంటి వైరింగ్ ఒక ముఖ్య కారణం.

సైలెన్సర్ విషయంలో పోలీసులు ఇప్పుడు బుల్లెట్ బైకుల మీద చూపిన పట్టుదలే కార్ల మీదా చూపిస్తున్నారు. అది మంచిదే. పొగను సైలెన్సర్ గుండా కాకుండా కట్ అవుట్‌తో బయటికి వదిలితే సెక్షన్ 194ఎఫ్ కింద మొదటిసారి 1,000, తర్వాత 2,000. శబ్ద ప్రమాణం దాటితే పైన చెప్పిన 190(2). తొమ్మిది సీట్ల లోపు ప్యాసింజర్ బండి తయారీ దశలోనే సాధారణంగా 74 డెసిబెల్స్ దాటకూడదు. మోత పెట్టేలా మార్చిన సైలెన్సర్ ఆ పరీక్షకు నిలవడం కష్టం. "నా దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది" అనే జవాబు ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఆ పరీక్ష పొగను కొలుస్తుంది, మోతను కాదు. బండి డీజిల్ కాబట్టి ఇంకో మాట. సైలెన్సర్ మార్చినవాడు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కూడా కోసేశాడేమో, బీఎస్6 బండి అయితే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తీసి ఈసీయూలో, అంటే ఇంజిన్ కంప్యూటర్లో, సెట్టింగులు మార్చే రీమ్యాప్ వేశాడేమో స్కానర్ పెట్టి చూపించు. రీమ్యాప్ ఉంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించాలి. అయిదు మార్పుల్లో ఎక్కువ ఖర్చయ్యేది ఇదే కావచ్చు. బండి కొనే ముందు చూడాల్సింది కూడా ఇదే.

టైర్ల దగ్గర కొంత వెసులుబాటు ఉంది. డ్రైవర్ డోర్ పిల్లర్ మీద స్టిక్కర్‌లో సైజు రాసి ఉంటుంది. ఆ మోడల్‌లో పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన సైజు, ఆ సైజుకు తగ్గ అలాయ్ వీల్ వేస్తే ఇన్‌స్పెక్టర్లు అభ్యంతరం పెట్టడం నేను చూడలేదు. స్కార్పియో పై వేరియంట్లలో వచ్చే 235/65 ఆర్17 తీసి 265/65 ఆర్17 వేశారనుకో. చక్రం వ్యాసం సుమారు 737 మిల్లీమీటర్ల నుంచి 776కి పోతుంది, అంటే ఐదు శాతం పైన. పాత టైర్లతో మీటర్ 100 చూపినప్పుడు ఎంత వేగంతో పోయేదో, ఇప్పుడు అదే 100 దగ్గర ఇంకో ఐదు కిలోమీటర్లు ఎక్కువ పోతుంది. ఓడోమీటర్ తక్కువ తిరుగుతుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపలి లైనర్‌కి రాసుకుంటుంది. టైరు మడ్‌గార్డ్ దాటి బయటికి పొడుచుకొస్తే దూరం నుంచే ఎస్సై కంట్లో పడుతుంది. రాళ్లు చిమ్మి వెనకొచ్చే బైకువాడికి తగులుతాయి.

చిన్నవి ఇంకా ఉంటే అవీ సర్దుకో. ఫ్యాన్సీ నంబరు ప్లేటు ఉంటే మార్చు, 2019 ఏప్రిల్ తర్వాతి బండికి హై సెక్యూరిటీ ప్లేటే ఉండాలి. రకరకాల రాగాలు వినిపించే ఎయిర్ హార్న్ రూల్ 119కి విరుద్ధం. సైరన్, ఎరుపు-నీలం ఫ్లాషర్ పోలీసు, అంబులెన్సు, ఫైరింజన్ లాంటివాటికే. ప్లేటు మీద పార్టీ గుర్తు, కులం పేరు, అభిమాన నటుడి స్టిక్కరు ఏదీ ఉండకూడదు.

అన్నీ తీశాక "తెచ్చి చూపించు" అన్న మాట సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోకు. సెక్షన్ 53 ప్రకారం, బండి రోడ్డు మీద జనానికి ప్రమాదమని గానీ, చట్టానికి, నిబంధనలకు అనుగుణంగా లేదని గానీ రిజిస్టరింగ్ అథారిటీ భావిస్తే, ఓనరుకు చెప్పుకునే అవకాశం ఇచ్చి, లోపాలు సరిచేసేదాకా రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేయొచ్చు. ఆ సస్పెన్షన్ ఆరు నెలలు ఆగకుండా సాగితే రిజిస్ట్రేషనే రద్దు కావచ్చు. పోలీసులు ఫొటోలు తీసి ఆర్టీఓకి పంపితే మొదలయ్యేది ఈ దారి. నీకు లిఖితపూర్వక నోటీసు వస్తే జవాబు రాయకుండా ఉండొద్దు. సస్పెన్షన్ ఆర్డరే వచ్చేస్తే, అది అందిన 30 రోజుల్లో సెక్షన్ 57 కింద అప్పీలుకు వెళ్లొచ్చు. నోటీసు పాత ఓనరు చిరునామాకు పోయే ప్రమాదం నీ విషయంలో ఉంది, ఎందుకంటే ఆర్‌సీ ఇంకా అతని పేరు మీదే ఉంది. అందుకే పిలిచేదాకా ఆగకుండా, మార్పులు తీసిన బండిని నువ్వే తీసుకెళ్లి స్టేషన్‌లో చూపించు. గ్యారేజీ బిల్లు, తీసిన తర్వాత నాలుగు వైపుల ఫొటోలు, చలానా కాపీ జతచేసి ఒక కాగితం రాసి ఇచ్చి, దాని నకలు మీద సంతకం, తేదీ, స్టాంపు వేయించుకో.

కోర్టుకు వెళ్లడం ఎప్పుడు అర్థవంతం? కంపెనీ ఇచ్చిన వస్తువుకే చలానా రాసినప్పుడు, నంబరు తప్పు పడినప్పుడు, అదే తప్పుకు ఒకే రోజు రెండుసార్లు రాసినప్పుడు. అప్పుడు వేరియంట్ బ్రోషర్, షోరూమ్ ఇన్‌వాయిస్, ఐఎస్ ముద్ర ఫొటో పట్టుకుని పోరాడు, వెనక్కి తగ్గొద్దు. నీ కేసులో ఐదు మార్పులూ ఫొటోల్లో ఉన్నాయి. రాజీ పడదగిన సెక్షన్ అయితే కట్టేయడమే మేలు. డబ్బు ఈ-చలాన్ ద్వారానే కట్టు, రసీదు లేకుండా చేతికి రూపాయి ఇవ్వొద్దు.

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ అడగరు, అందుకే నేనే చెబుతున్నాను. కంపెనీకి తెలియజేయని మార్పులున్న బండి ప్రమాదంలో పడితే, సర్వేయర్ మొదట రాసేది ఆ మార్పుల గురించే. సొంత నష్టం క్లెయిమ్ తగ్గించవచ్చు, తిరస్కరించవచ్చు. పాలసీ పాత ఓనరు పేరుతో ఉండి, బండి నీ చేతిలో ఉంటే ఇంకో చిక్కు. పేరు మార్పించే పని వెంటనే మొదలుపెట్టు.

సరదాగా బండి మార్చుకోవాలనే కోరికే తప్పని నేననను. చట్టబద్ధంగా చేసుకోదగ్గవి ఉన్నాయి. రంగు మార్చాలంటే ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించుకోవాలి, వ్రాప్ అయినా అంతే. ఆలివ్ గ్రీన్ మాత్రం సైన్యానికే. సీఎన్‌జీ, ఎల్‌పీజీ మీదికి మార్చాలంటే ఆ మోడల్‌కు ఆమోదం ఉన్న కిట్‌ని అధీకృత సెంటర్లో వేయించి, ఆర్‌సీలో ఎక్కించి, ఇన్సూరెన్స్‌లోనూ చేర్చాలి. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి. దివ్యాంగులు చేతితో నడిపేలా కంట్రోల్స్ పెట్టించుకోవడానికి చట్టం స్వయంగా చోటిచ్చింది. లోనుకు ఉన్న బండి అయితే ఏ మార్పుకైనా ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వక అంగీకారం కావాలి. కెమెరా, డ్యాష్‌క్యామ్, మ్యాట్లు, స్పీకర్లు హాయిగా పెట్టుకో. సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగులు ఉంటే మాత్రం కవర్లు వాటికి సరిపడేవే వేయించు.

చివరగా కర్ణాటక నంబరు. నీకు మిగిలిన అసలు పరీక్ష ఇదే. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే సెక్షన్ 47 ప్రకారం ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. దానికి కర్ణాటక ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదని చెప్పే ఎన్‌వోసీ, లోను ఉంటే బ్యాంకు క్లియరెన్స్, పాత ఓనరు సంతకాలతో ఫారం 29, 30 (ఓనరు పేరు మార్పు ఫారాలు), ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కావాలి. కర్ణాటకలో కట్టిన ట్యాక్సులో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు. బండి మీద బెంగళూరు చలానాలు పెండింగ్‌లో ఉంటే ఎన్‌వోసీ ఆగుతుంది కాబట్టి ముందు పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి చూసుకో. ఉంటే అవి పాత ఓనరు చేత కట్టించు, అతని ఫోన్ నంబరు ఇప్పుడే పదిలంగా ఉంచుకో. తర్వాత ఇక్కడ ఇన్‌స్పెక్టర్ బండి చుట్టూ తిరిగి చూస్తాడు, ఛాసిస్ నంబరు ప్రింట్ తీయిస్తాడు. బండి ఆ రోజుకు కంపెనీ నుంచి వచ్చినట్టు ఉండాలి. ముందు బార్, ఫిల్మ్, లైట్లు ఈ వారంలోనే విప్పించు, అవి అర పూట పని. సైలెన్సర్, టైర్లకు డబ్బు సర్దుకోవడానికి టైమ్ పడితే అవి అయ్యేదాకా బండి ఇంటి దగ్గరే ఉంచి, ఈలోపు ఎన్‌వోసీకి దరఖాస్తు పెట్టు.